జీవాల కంచెకు ఏ తీగ? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సోలార్ కంచె, అంటే తీగను తాకిన జీవానికి జట్కా (చిన్న కరెంటు దెబ్బ) ఇచ్చే కంచె గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ దెబ్బలు పంపే మిషను గురించే అడుగుతున్నాయి. ఎన్ని జౌల్స్ (దెబ్బ బలం), ఏ కంపెనీ, ఎంత గ్యారంటీ అని. తీగ గురించీ ఎర్త్ గురించీ అడిగినవాళ్లు తక్కువ. మన సీమలో కంచె పనిచేయకుండా పోయేది ఎక్కువగా ఆ రెండిటి దగ్గరే. అందుకని ఈసారి ఆ ఉత్తరాలనే తీసుకున్నాం.

ప్రశ్న: మాకు ఐదెకరాల ఎర్రనేల ఉంది. నలభై గొర్రెలు, ఇరవై మేకలు. చుట్టూ జట్కా కంచె వేసి లోపలే మేపుకోవాలని ఉంది. ఒక అంగట్లో 16 గేజి జీఐ (జింకు పూత ఇనుప) తీగ చాలు, సగం ఖర్చుతో అయిపోతుంది అన్నారు. ఇంకో అంగట్లో 12 గేజికి తక్కువ వేస్తే డబ్బు దండగ అన్నారు. కరెంటు పారేదానికి సన్న తీగ చాలదా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం

జవాబు: ముందు గేజి లెక్క చూద్దాం. గేజి సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. మన అంగళ్లలో నడిచే లెక్కలో 12 గేజి అంటే 2.64 మిల్లీమీటర్లు, 14 అంటే 2.03, 16 అంటే 1.63. అమెరికా లెక్క వేరు. అక్కడ పన్నెండున్నర గేజి అంటే 2.5 మిల్లీమీటర్లు, కంచెకు అందరూ వాడే సైజు అదే. ఈ గందరగోళం లేకుండా ఉండాలంటే అంగట్లో మిల్లీమీటర్లలోనే అడగండి. స్క్రూ గేజితో మీ ముందే కొలవమనండి. 12 గేజి అని రాసిన చుట్టలో 2.3 తీగ ఉంటే మీకు నష్టం.

కరెంటు మాట వరకే అయితే మొదటి అంగడాయన చెప్పింది అబద్ధం కాదు. ఐదెకరాలు చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 570 మీటర్లు. 1.6 మి.మీ. ఇనుప తీగకు కిలోమీటరుకు 85 ఓమ్‌ల నిరోధం ఉంటుంది, 2.5 తీగకు 35. అంటే మీ కంచె చివరిదాకా సన్న తీగలో వచ్చే నిరోధం యాభై ఓమ్‌ల లోపే. తీగకు గడ్డి తగలనంతకాలం జట్కా బాగానే కొడుతుంది. వానాకాలంలో గడ్డి తగిలి నాలుగు చోట్ల కరెంటు కారడం మొదలైనప్పుడే సన్న తీగలో చివరి మూల దగ్గర జట్కా మెత్తబడుతుంది.

అసలు ఇబ్బంది బలంలో ఉంది. 1.6 మెత్తని జీఐ తీగ దాదాపు 80 కిలోల లాగుడుకే తెగుతుంది. 2.5 మెత్తని తీగ 200 కిలోల దాకా ఆగుతుంది. అదే 2.5 హైటెన్సైల్ (గట్టి ఉక్కు) తీగ అయితే 500 కిలోలు దాటినా తెగదు. కంచె తీగ బిగువుగా నిలవాలంటే ఒక్కో వరుసను 70 నుంచి 100 కిలోల బలంతో లాగి కట్టాలి. 16 గేజి మెత్తని తీగను అంత లాగితే చేతిలోనే తెగుతుంది. వదులుగా కడితే మేక మెడ పెట్టి తోసినప్పుడు సాగుతుంది, సాగిన మెత్తని తీగ మళ్లీ వెనక్కి రాదు. హైటెన్సైల్ తీగ మాత్రం స్ప్రింగులా తన చోటికి వచ్చేస్తుంది.

ఖర్చు లెక్క ఇక్కడే తిరగబడుతుంది. మెత్తని సన్న తీగ వేలాడకుండా ఉండాలంటే మూడు మీటర్లకొక రాతి కూసం పాతాలి. 570 మీటర్లకు 190 కూసాలు. బిగువుగా లాగిన 2.5 హైటెన్సైల్‌కు చదునైన నేలలో ఎనిమిది మీటర్లకొకటి చాలు, అంటే 70కి కాస్త అటూ ఇటూ. మధ్యలో తీగల ఎడం చెదరకుండా ప్లాస్టిక్ స్పేసర్లు తగిలిస్తే సరి. కూసం ధర, బండి బాడుగ, గుంత తవ్విన కూలి కలుపుకుని మీరే లెక్క వేసి చూడండి. తీగలో మిగిలిందంతా కూసాల్లో పోతుంది.

మీ మందకు ఐదు వరుసలు కావాలి. నేల నుంచి 15, 30, 50, 75, 105 సెంటీమీటర్ల ఎత్తుల్లో. ఒకటి, మూడు, ఐదు వరుసలు జట్కా తీగలు, రెండు, నాలుగు ఎర్త్ తీగలు. ఎర్త్ తీగ ఎందుకన్నది కింది ఉత్తరానికి ఇచ్చిన జవాబులో ఉంది. మొత్తం 2,850 మీటర్లు. 2.5 తీగ మీటరుకు 38.5 గ్రాములు తూగుతుంది, కిలోకు 26 మీటర్లు వస్తుంది. కాబట్టి 110 కిలోలు, ముడులకూ తరుగుకూ కలిపి 120 కిలోలు తెచ్చుకోండి.

ఐదు వరుసలు ఒక్కోటి 80 కిలోల చొప్పున లాగితే మూల కూసం మీద ఒకవైపు నుంచే 400 కిలోల బరువు పడుతుంది. అందుకే మూల కూసాలు మందంగా ఉండాలి, మూడడుగుల లోతున పాతి కాంక్రీటు పోయాలి, రెండు వైపులా ఏటవాలు ఊతం ఇవ్వాలి. మూల కూసం ఒరిగితే కంచె మొత్తం వదులవుతుంది. మధ్య కూసాలకు ఇంత అక్కర్లేదు.

ఎండ సంగతీ చూసుకోవాలి. జనవరి తెల్లవారుజామున ఉన్న తీగకూ మే మధ్యాహ్నం మాడే తీగకూ 45 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. మీ పొలంలో ఒక్కో వైపు 142 మీటర్లు కదా, ఆ తేడాకు ఒక్కో తీగ మూడంగుళాలు సాగుతుంది. వేసవిలో లాగి కట్టిన తీగ చలికాలంలో మూలను పీకుతుంది, చలికాలంలో కట్టింది వేసవిలో వేలాడుతుంది. ప్రతి వరుసకూ ఒక టెన్షన్ స్ప్రింగు, తీగను తిప్పి బిగించే రాట్చెట్ ఒకటి పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

జింకు పూత కూడా అడిగి తీసుకోండి. మందపు పూత ఉన్న తీగలో చదరపు మీటరుకు 240 గ్రాముల దాకా జింకు ఉంటుంది. తీగను దాని మందానికి నాలుగు రెట్లు లావున్న కడ్డీ చుట్టూ నాలుగు చుట్లు గట్టిగా చుట్టి చూడండి. పూత పొలుసులుగా రాలితే ఆ చుట్ట వద్దు. ఆరుబయట గాలికి మన దగ్గర తీగ అంత తొందరగా తుప్పు పట్టదు గానీ, దొడ్డి పక్కన మూత్రం, పేడ తగిలే చోట పల్చని పూత మొదట పోతుంది. కూసాలకు కట్టే నల్లని బైండింగ్ వైరును మాత్రం జట్కా తీగగా ఎక్కడా వాడొద్దు.

హైటెన్సైల్ చుట్ట విప్పేటప్పుడు జాగ్రత్త. కట్టు కోయగానే స్ప్రింగులా ఎగిరి మొహానికి కొడుతుంది. తిరిగే స్టాండు మీద పెట్టి, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని ఒక కొస నుంచి లాగండి. పటకారుతో పదునుగా మడతపెట్టిన చోట ఈ తీగ విరుగుతుంది, కాబట్టి ముడి గుండ్రంగా తిప్పాలి.

ప్రశ్న: మాది నల్లరేగడి. పోయినేడు వానలప్పుడు కంచె వేసినాము. అప్పుడు ముట్టుకుంటే చెయ్యి జాడించేది. మార్చి వచ్చేసరికి మేకలు తీగల మధ్యలోంచి దూరి పోతున్నాయి. మిషను టిక్కు టిక్కుమని కొడుతూనే ఉంది. పెద్ద మిషను కొనమంటున్నారు. కొనాల్నా?
– ఒక మేకల పెంపకందారు, ఆదోని ప్రాంతం

జవాబు: కొనొద్దు. మీ మిషను బాగానే ఉంది, ఎండాకాలంలో నేల తెగిపోయింది.

మిషను నుంచి బయల్దేరిన కరెంటు తీగ మీదుగా మేకలోకి, మేక కాళ్ల నుంచి నేలలోకి, నేల నుంచి ఎర్త్ కడ్డీ ద్వారా తిరిగి మిషనుకు చేరాలి. ఈ చుట్టు ఎక్కడ తెగినా జట్కా లేదు. వానల్లో తడి నేల ఆ దారి ఇస్తుంది. మార్చికి రేగడి ఎండి నెరిస్తుంది. కడ్డీ పాతిన చోటే నెర్రె పడి, కడ్డీ చుట్టూ గాలి మిగులుతుంది. మేక గిట్ట ఎండి గట్టిగా ఉంటుంది. దాని కింద నేల ఇంకా ఎండి ఉంటుంది. ఎంత పెద్ద మిషను తెచ్చినా ఎండిన నేల దాటి కరెంటు రాదు. ఎర్రనేల, గులక నేలల్లోనూ ఇదే కథ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం వైపు అయితే ఏడెనిమిది నెలలు ఇదే పరిస్థితి.

మందు రెండు భాగాలు. మొదటిది ఎర్త్ తీగ. మీ కంచెలో ఐదు వరుసలుంటే రెండో, నాలుగో తీగను జట్కా నుంచి విడదీసి, మిషను ఎర్త్ టెర్మినల్‌కూ ఎర్త్ కడ్డీలకూ కలపండి. ఇప్పుడు మేక తల దూర్చగానే ఒక జట్కా తీగ, ఒక ఎర్త్ తీగ రెండూ ఒంటికి తగులుతాయి. నేలతో పని లేకుండానే దెబ్బ పడుతుంది. ఎర్త్ తీగలనూ కూసానికి నేరుగా చుట్టకుండా కరెంటు కూసంలోకి దిగకుండా ఆపే ఇన్సులేటర్లమీదే తీసుకెళ్లండి, రేపు వానల్లో అన్ని తీగలనూ జట్కాగా మార్చుకోవాలంటే వీలవుతుంది. ఈ పద్ధతిలో తీగ బిగువు మరీ ముఖ్యం. ఒక జట్కా తీగ వేలాడి ఎర్త్ తీగను తాకితే కంచె మొత్తం చచ్చిపోతుంది.

రెండోది కడ్డీలు. ఒక్క కడ్డీ, అదీ మూడడుగులది, చాలదు. రెండు మీటర్ల పొడవున్న జీఐ కడ్డీలు మూడు, ఒక్కోటి మూడు మీటర్ల ఎడంతో పాతండి. జీవాల నీళ్ల తొట్టి పొర్లే చోటో, డ్రిప్ కింద తడి ఆరని చోటో చూసుకుంటే మంచిది. మిషను నుంచి మూడు కడ్డీలకూ అతుకు లేకుండా ఒకే జీఐ తీగ వెళ్లాలి, క్లాంపుతో బిగించాలి. రాగి తీగతో కలపకండి. రాగీ జింకూ కలిసిన చోట తడి తగిలితే జింకు తరిగిపోతుంది, ఏడాదిలో అతుకు పొడిపొడి అవుతుంది. బోరు మోటారు స్టార్టరు ఎర్త్‌కూ, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కూ కనీసం పది మీటర్ల దూరం పాటించండి. దగ్గరైతే కంచె దెబ్బ మోటారు పైపుల్లోకి ఎక్కి, నీళ్లు తాగే ఎనుము బెదిరిపోతుంది.

చేసింది సరిపోయిందా అని ఇలా తేల్చుకోండి. మిషను ఆపి, అక్కడికి వంద మీటర్ల అవతల ఒకట్రెండు ఇనుప కడ్డీలను జట్కా తీగకు ఆనించి నేలలోకి దిగగొట్టండి. మిషను వేసి చూస్తే తీగ మీద వోల్టేజి 2,000 లోపుకు పడిపోవాలి. పడకపోతే ఇంకో కడ్డీ ఆనించండి. నేల మరీ పొడిగా ఉంటే కడ్డీ కింద రెండు బిందెల నీళ్లు పోయండి. అప్పుడు కంచె మీటరును చివరి ఎర్త్ కడ్డీకి పెట్టి, దాని రెండో కొస మీటరు దూరంలో నేలలో గుచ్చి చూడండి. 300 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. అంతకు మించితే ఇంకో కడ్డీ పాతండి, మళ్లీ చూడండి. దీనికి కంచె మీటరే వాడాలి. ఇంట్లో వాడే మల్టీమీటరు పెడితే కాలిపోతుంది.

మేకకు దెబ్బ తగలాలంటే కంచె చివరి మూలలో కూడా 4,000 వోల్టులు తగ్గకూడదు. ఎనుములకు, ఆవులకు 3,000 ఉన్నా చాలు. గొర్రెల్లో నెల్లూరు జాతికి వెంట్రుకే కాబట్టి ఇబ్బంది లేదు. బొచ్చు దట్టంగా ఉండే దక్కనీ నల్ల గొర్రెకు ఒంటి మీద తీగ తగిలినా తెలియదు. దానికి ముక్కుకే తగలాలి. కొత్త మందను మొదటి రెండు రోజులు చిన్న దొడ్డిలో ఇదే తీగ కట్టి ఉంచితే, వాసన చూద్దామని ముక్కు పెట్టి నేర్చుకుంటాయి. నేర్వని జీవం భయంతో ముందుకే దూకి తీగ తెంచుకుపోతుంది.

ప్రశ్న: తోట చుట్టూ పాత ముళ్లతీగ కంచె ఉంది. మిషను తెచ్చి దానికే కలిపితే కొత్త తీగ ఖర్చు మిగులుతుంది కదా?
– ఒక రైతు, మైదుకూరు ప్రాంతం

జవాబు: ముళ్లతీగకు జట్కా ఎప్పుడూ ఇవ్వొద్దు. జీవం గానీ పిల్లవాడు గానీ ముల్లుకు చిక్కుకుంటే విడిపించుకోలేరు. సెకనుకొక దెబ్బ పడుతూనే ఉంటుంది. కంచె మిషన్ల భద్రతా ప్రమాణాల్లోనే ఇది నిషేధం.

పాత కంచెను పీకే పని లేదు. కూసాలకు పొడవాటి ఇన్సులేటర్లు తగిలించి, ముళ్లతీగకు కనీసం 15 సెంటీమీటర్లు ఎడంగా లోపలివైపు ఒకటో రెండో 2.5 తీగలు లాగండి. ముళ్లతీగను అక్కడక్కడా కడ్డీతో ఎర్త్ చేయండి. పశువులకు 50, 90 సెంటీమీటర్ల ఎత్తున రెండు తీగలు సరిపోతాయి. రాయి కరెంటును ఆపుతుందని కొందరు తీగను నేరుగా కడప బండకు చుట్టేస్తున్నారు. ఎండలో ఆగుతుంది. వాన పడ్డ రాత్రి మాత్రం ప్రతి బండ దగ్గరా కారిపోతుంది. కంచె వెంట కిత్తనార గానీ సీమతుమ్మ గానీ ఉంటే ఆకు, కొమ్మ తీగకు తగలకుండా ఏడాదికి రెండుసార్లు కొట్టించాలి. కిత్తనార ఆకు నిండా నీళ్లే. ఒక్క ఆకు ఆనినా ఎర్త్ కడ్డీ ఆనించినట్టే.

ప్రశ్న: గొర్రెల మందను చేను మార్చి చేను నిలుపుతుంటాము. రాత్రికి చుట్టూ కట్టే ప్లాస్టిక్ జట్కా దారం పనిచేస్తుందా? చవకగా ఒకటి దొరుకుతోంది.
– పత్తికొండ ప్రాంతం నుంచి

జవాబు: మంద నిలిపేదానికి పాలీవైరు అనే ఆ దారమే సరైనది. చుట్టుకుని భుజాన వేసుకోవచ్చు. చవకదానిలో ఉన్నది ఏమిటో చూసి కొనండి. దారంలో అల్లిన సన్న లోహపు పోగులే కరెంటు మోస్తాయి. 0.2 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు పోగులు ఆరు ఉన్న దారానికి కిలోమీటరుకు 3,800 ఓమ్‌లు వస్తాయి. దాంట్లో 0.25 మందం తగరపు పూత రాగి పోగులు మూడు కలిపితే అది 120కి దిగుతుంది. రాత్రి మందకు 200 మీటర్ల చుట్టు చాలు గానీ, మూడు వరుసలు కలుపుకుంటూ పోతే మొత్తం 600 మీటర్లు అవుతుంది, అప్పుడు ఉత్త స్టీలు దారంలో చివరికి దెబ్బ బాగా మెత్తబడుతుంది. రాగి కలిసినదే తీసుకోండి. తెగితే ముడి వేసి ఊరుకోకుండా రెండు వైపులా పోగులు బయటికి తీసి మెలిపెట్టండి, ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ ముడి పడితే కరెంటు దాటదు.

గడ్డి లేని కోసిన చేలో, పొడి నేలమీద ఇక్కడా ఎర్త్ వరుస తప్పదు. అల్లిన జట్కా వలలూ వస్తున్నాయి. గొర్రెలకు పనికొస్తాయి. కొమ్ములున్న మేకలకు, పొట్టేళ్లకు వద్దు. కొమ్ము చిక్కి జట్కాలోనే చచ్చిన జీవాలున్నాయి.

ప్రశ్న: అడవి పందులు బుడ్డల (వేరుశనగ) చేను తవ్వి పోస్తున్నాయి. మిషను కొనే స్తోమత లేదు. సర్వీసు వైరు నుంచి వంద వాట్ల బల్బు మధ్యలో పెట్టి తీగకు ఇస్తే మనుషులకు ఏమీ కాదంటున్నారు. నిజమేనా?
– ధర్మవరం ప్రాంతం నుంచి

జవాబు: నిజం కాదు. దయచేసి ఈ పని చేయొద్దు, చేసేవాళ్లను ఆపండి.

వంద వాట్ల బల్బు దాదాపు 430 మిల్లీఆంపియర్ల దాకా కరెంటును వదులుతుంది. ఇళ్లల్లో ప్రాణరక్షణకు పెట్టే ట్రిప్పర్ 30 మిల్లీఆంపియర్లకే ఎందుకు తెగుతుందో ఆలోచించండి. అంతకంటే ఎక్కువ పారితే గుండె లయ తప్పుతుంది. బల్బు కాపాడేది మీ ఫ్యూజునే. ఇన్వర్టరు నుంచి ఇచ్చినా అదే 230 వోల్టులు, అదే చావు.

జట్కా మిషనులో 6,000, 8,000 వోల్టులుంటాయి కదా, అది చంపదు, ఇది చంపుతుందా అని అడుగుతారు. మిషను దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. తర్వాత సెకను పాటు తీగలో ఏమీ ఉండదు, కండరం వదులవుతుంది, చెయ్యి వెనక్కి వస్తుంది. లైను కరెంటు సెకనుకు యాభై చుట్లు ఆగకుండా పారుతుంది, పిడికిలి బిగుసుకుపోతుంది, తీగ వదలదు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి పక్క చేలోకి వచ్చిన మనిషికి ఆ తీగ కనపడదు. లైను నుంచి అలా కరెంటు తీసుకోవడం విద్యుత్ చట్టం 2003 కింద నేరం. మనిషి పోతే క్రిమినల్ కేసు. కర్నూలు, అనంతపురం వైపు చేలల్లోకి వచ్చే కృష్ణజింక పడితే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద మొదటి షెడ్యూలు జంతువును చంపిన కేసు.

పందికి ఎత్తైన కంచె అక్కర్లేదు. నేల నుంచి 20, 40, 60 సెంటీమీటర్లలో మూడు తీగలు, మధ్యది ఎర్త్. ముట్టెతో తవ్వుకుంటూ వచ్చేది కాబట్టి కింది తీగే ముఖ్యం. రెండెకరాలకు చుట్టుకొలత 360 మీటర్లు. మూడు వరుసలకు 2 మి.మీ. హైటెన్సైల్ తీగ 27 కిలోలు సరిపోతుంది. పంట ఉన్న మూడు నెలలే కాబట్టి ఇక్కడ 2.5 కావాలని పట్టుబట్టను. నలుగురు రైతులు కలిసి ఒక మిషను కొని, చేలు కలిపి ఒకే చుట్టు తిప్పుకుంటే మనిషికి పడే వాటా భరించగలిగేదే.

సోలార్ ప్యానెల్ కూడా పెద్దది అక్కర్లేదు. దెబ్బకు ఒక జౌల్ ఇచ్చే మిషను లోపలి నష్టాలు కలుపుకుని వాటున్నర దాకా తింటుంది, రోజుకు 36 వాట్‌అవర్లు. 20 వాట్ల ప్యానెల్ ఐదు గంటల ఎండకు దాదాపు వంద ఇస్తుంది. ముసురు పట్టిన నాలుగు రోజులకు 12 వోల్టుల, 18 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంచుకోండి.

బాట పక్కన, గేటు దగ్గర పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో తెలుగులో హెచ్చరిక రాసి తగిలించాలి. 11 కేవీ లైను కింద నుంచి కంచె దాటాల్సి వస్తే అడ్డంగా, సూటిగా దాటించండి. లైను వెంటే సమాంతరంగా వేయకండి.

ప్రశ్న: గేటు దగ్గర నేల కింద మామూలు హౌస్ వైరు వేసినాము. గేటు అవతల నుంచి కంచె మెత్తగా ఉంది. తప్పెక్కడ?
– ఒక పాడి రైతు, పులివెందుల ప్రాంతం

జవాబు: తప్పు ఆ వైరులోనే. ఇంటి వైరు తొడుగు 1,100 వోల్టులకు తయారైనది. దానిలో 7,000 పంపితే తొడుగు చీల్చుకుని నేలలోకి దూకుతుంది. రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గేటు దగ్గర చెవి పెట్టండి, టిక్కుమనే చప్పుడు వినపడుతుంది. కంచె కోసమే తయారైన, 10,000 వోల్టులకు పైగా తట్టుకునే జింకు పూత తీగ కేబుల్ తెచ్చి, అరమీటరు లోతున ప్లాస్టిక్ పైపులో వేయండి. పైపు రెండు కొసలూ కిందికి వంచితే నీళ్లు దిగవు. అక్కడే ఒక కటౌట్ స్విచ్ పెట్టించుకుంటే, ఇకముందు కంచె మెత్తబడినప్పుడు లోపం గేటుకు ఇవతలో అవతలో నిమిషంలో తెలుస్తుంది.